కిటికీలో పుదీనా

రెండు చెంబులు, తక్కువ కాదు, రెండు నిండు చెంబులు, పొద్దున బడికి బయల్దేరే ముందు తన చేత్తో నింపి స్టూలు మీద పెట్టేది ఒకటి, మధ్యాహ్నం పక్కింటి వసంతమ్మ వచ్చి అత్తమ్మకు అన్నం పెట్టి మళ్లీ నింపేది ఒకటి, సాయంత్రం ఏర్పేడు బస్సు దిగి ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా తొంగి చూస్తే చెంబు అడుగున చుక్క ఉండేది కాదు, మరి అంత తాగిన మనిషి ఒంట్లో నీళ్లే లేవంటే ఎట్లా నమ్మేది, అని రెబెకా ఆటో వెనక సీట్లో ఒక మూలకు ఒదిగి నిన్నటి నుంచి అదే ప్రశ్నను తిప్పి తిప్పి చూసుకుంటోంది, ఆటో ఆసుపత్రి గేటు దాటి జీవకోన వైపు తిరిగింది, కొండ మీద మబ్బు ఇంకా దిగే ఉంది, ఒళ్లో తలగడంత డైపర్ల ప్యాకెట్టు, పెద్దవాళ్లవి, బట్ట సంచిలో పట్టక పైకి పొడుచుకొని కనిపిస్తోంది, ఆసుపత్రిలో వీటితో పనే లేదు, అక్కడ గొట్టం వేశారు, అయినా మందుల అంగడి ముందు కాళ్లు వాటంతటవే ఆగాయి, తెచ్చిపెట్టుకుంటే మనిషి తిరిగి ఇంటికి వస్తుందన్న పిచ్చి ఆశ, ఐదు రోజులైంది అత్తమ్మను, సంతోషమ్మను, చేర్చి, జ్వరమనుకున్నారు, మాట తడబడితే ముసలితనమనుకున్నారు, డాక్టరు మంచానికి వేలాడే మూత్రం సంచి చూపించాడు, అందులో డికాక్షన్ రంగులో నాలుగు వేళ్ల మందం కూడా లేదు, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతాదమ్మా అని అడిగాడు, రెండు చెంబులండీ అని తను తడుముకోకుండా చెప్పింది, ఇది రెండు చెంబులు తాగిన ఒళ్లు కాదమ్మా, ఎన్నో వారాలుగా ఎండిపోయిన ఒళ్లు, కిడ్నీలు దెబ్బతినుండాయి, రెండ్రోజులు సూస్తాం, తేరుకోకపోతే డయాలసిస్ మిషన్ పెట్టాల, ఈ వయసులో తట్టుకుంటాదో లేదో నేను చెప్పలేను, అని నెమ్మదిగానే అన్నాడు, తనేమో పదో తరగతి పిల్లలకు ఆ కిడ్నీల బొమ్మనే రంగు సుద్దలతో గీసి, చిక్కుడు గింజ ఆకారం, నీళ్లు తక్కువైతే ముందు దెబ్బ తినేది ఇవే, రాసుకోండి, అని పన్నెండేళ్లుగా చెబుతున్న మనిషి, విజయ్ అయినా ఒక మాట అనుంటే బావుండేది, మా అమ్మను నీ చేతిలో పెడితే ఇట్లా చేసినావే అని, దానికి బదులు, నువ్వు ఇంటికి పోయి స్నానం చేసి గంజి కాసుకోని రా, ఆ మందం దుప్పటి కూడా తీసుకోని రా, అమ్మకు చలి పెడతా ఉండాది, అంతే అన్నాడు.

ఈ ఏడాది ఇట్లా ముగుస్తుందని జనవరి ఒకటో తారీఖు పొద్దున ఎవరైనా చెప్పుంటే నవ్వేది, వాళ్ల సంఘంలో ఆ రోజు ఆరాధన అయ్యాక ప్రతి ఇంటివాళ్లూ ఆ ఏటికి ఒక తీర్మానం కాగితం మీద రాసి మడిచి పెట్టెలో వేస్తారు, పెళ్లయిన ఎనిమిదేళ్లూ ఆలుమగలిద్దరి కాగితంలో ఒకటే మాట, ఒక బిడ్డ, వేలూరు ఆసుపత్రి దాకా తిరిగారు, రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయాక, చాలు విజయ్, ఇంక నా వల్ల కాదు అని తనే అంది, ఈ ఏడాది కాగితం తెల్లగా పెట్టలేక, మా ఇంటి నుంచి ఒక్క చెత్త కవరు కూడా బయటికి పోకుండా బతుకుతాం అని రాసింది, విజయ్ తొంగి చూసి, ఇది చదివితే పాస్టరు మనం కార్పొరేషన్‌కు రాసినామనుకుంటాడు, అని చెవిలో అన్నాడు, ఇద్దరూ చర్చిలో నోళ్లు మూసుకొని నవ్వారు, ఎన్నాళ్లకు నవ్వారో, ఆ నవ్వు కోసమైనా నిలబెట్టుకోవాలనిపించింది, బిడ్డ మీద పెట్టాల్సిన పంతమంతా తీసుకెళ్లి చెత్తబుట్ట మీద పెట్టింది, స్కూటీ అమ్మేసి బస్సెక్కింది, చికెన్ అంగడికి స్టీలు డబ్బా పట్టుకెళ్లింది, షాంపూ మానేసి కుంకుడుకాయలు నానబెట్టింది, మేడ మీద పాత పెయింటు బకెట్లలో బీర పాదు, వంగ, టమాటా, కూరగాయ తొక్కలకు ఒక డ్రమ్ము, విజయ్ తడ దగ్గర ఫ్రిజ్‌లకు ప్లాస్టిక్ సామాన్లు పోసే కంపెనీలో సూపర్‌వైజరు, రాను పోను బస్సులోనే నాలుగు గంటలు, వచ్చి అలసటగా కూర్చుని, నువ్వీడ ఒక కవరు మిగిలిస్తే నేనాడ టన్ను పోస్తా ఉండాను, భూదేవి ఎవరి మాట ఇంటాదో, అని ఏడిపించేవాడు, ఏడిపిస్తూనే లేచి డ్రమ్ములో ఎరువు తిప్పేవాడు, అందరికంటే సరదా పడింది మాత్రం సంతోషమ్మే, కార్వేటినగరం దగ్గర మామిడి తోటల్లో కూలి చేసి ఒక్క కొడుకును చదివించిన మనిషి, మొగుడు పోయాక వీళ్ల దగ్గరికొచ్చేసింది, కోడలి హడావుడి చూసి, ఇదంతా కొత్తదా మేయ్, మేము పుట్టినప్పట్నించీ ఇట్లే బతికినాం, అప్పుడు మమ్మల్ని బీదోళ్లన్నారు, ఇప్పుడు వార్డోళ్లు మంచి ఇల్లని నీ గేటుకు బోర్డు కొడతామంటా ఉండారే, అని పకపకా నవ్వేది, సంతలో తెచ్చిన పుదీనా ఆకులు గిల్లుకొని, కాడలు పారేయనీకుండా ఒక డబ్బాలో గుచ్చింది కూడా ఆమే, మేడ మీద చిక్కుళ్లు ఒలుస్తూ పాత సంగతులు చెప్పేది, కాయలు కోసే కాలంలో పొద్దున సొంబుడు నీళ్లు తాగితే మళ్లా ఇంటికొచ్చినాకే పాపా, తోటంతా మగోళ్లు, ఒంటికి యాడికి పోతాం, అందుకని తాగేదే ల్యా, నాలుక పిడచ కట్టుకపాయినా ఉగ్గబట్టుకునేది, ఒకటి రెండురోజులు కష్టంగా ఉంటాది, మళ్లా అలవాటైపోతాది, ఒళ్లు మనం చెప్పిన మాట ఇంటాది, అని ఏదో గొప్ప విద్య నేర్పుతున్నట్టు చెప్పింది, రెబెకా ఆ ముచ్చటను బడిలో ఆడపిల్లలకు చెప్పి, అట్లా చెయ్యకండే, నీళ్లు తాగండి అని కూడా బుద్ధి చెప్పింది, ఆడపిల్లలకు చెప్పింది, ఇంట్లో మనిషికి చెప్పాలని ఆరోజు తోచలేదు.

జూలైలో అత్తమ్మ పడింది, స్నానాలగదిలో కూడా కాదు, ఎక్కడో కాదు, మేడ మెట్ల మీద, బియ్యం కడిగిన నీళ్లు బీర పాదుకు పోద్దామని బొచ్చె పట్టుకొని ఎక్కుతూ, కోడలు ఒక్క బొట్టు వృథా కానివ్వదని, తుంటి ఎముక విరిగింది, ఆపరేషనుకు గుండె ఒప్పుకోదన్నారు, ఇంక మంచమే అన్నారు, ఎడమ చెయ్యి గోడ వైపు, కుడిచెయ్యి స్టూలు వైపు, ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశారు, పడుకోని ఏం సూసేది, ఆ పుదీనా డబ్బా అన్నా ఈడ పెట్టు మేయ్, అని అడిగితే కిటికీ గట్టు మీద పెట్టారు, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు, విజయ్ ఆ సాయంత్రమే డైపర్ల ప్యాకెట్టు పట్టుకొచ్చాడు, గుమ్మంలోనే ఆపింది తను, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, ఒక్కొక్కటి మట్టిలో కలవడానికి ఐదొందల ఏళ్లు పడుతుంది విజయ్, రోజుకు నాలుగు, నెలకు నూట ఇరవై, అవన్నీ ఎక్కడికి పోతాయి, మనం రాసిన మాటేమిటి, ఏడు నెలలు కష్టపడిందంతా ఏమిటి, అని అంది, గట్టిగా అనలేదు, కానీ ఆ ఇల్లెంత, ముందుగది పది అడుగులు, విజయ్ ప్యాకెట్టు తిరిగిచ్చి వచ్చాడు, కాసేపటికి లోపలినుంచి సంతోషమ్మ పిలిచి, ఐదొందల ఏండ్లా మేయ్, నేను డెబ్బై ఏండ్లు బతికినదానికి నా గుడ్డ ఐదొందల ఏండ్లు ఉంటాదా, అని నవ్వింది, ఒద్దులే పాపా, నా పాత కోకలు ఉండాయి గదా, సింపుకో, మెత్తగా ఉంటాయి, మన బిడ్డలకంతా అవే గదా కట్టేది, అంది, ఆమె నవ్వింది కదా, ఆమే అంది కదా, ఇన్నాళ్లూ ఈ రెండు మాటలనే పట్టుకొని రెబెకా మనసు నిబ్బరంగా ఉంది, ఆరు కోకలు చించితే నలభై రెండు గుడ్డలొచ్చాయి, కుంకుడు పులుసులో ఉడకబెట్టి, మేడ మీద ఎండలో ఆరేసి, మడిచి పెట్టుకుంటే ఎంత తృప్తి, టీచర్ల గ్రూపులో ఫోటో పెడితే ఎన్ని చప్పట్లు, వార్డు నుంచి మునిశేఖర్ అనే ఆయన వచ్చి, ఆదర్శ గృహాల జాబితాకు మీ పేరు పంపిస్తా ఉండామమ్మా, ఏమేం చేస్తా ఉండారో ఈ కాగితంలో రాయండి అంటే, మంచంపట్టిన మా అత్తగారికి కూడా బట్టలే వాడుతున్నాం అని రాసి, ఆ వాక్యం కింద గీత కూడా గీసింది.

నవంబరు వచ్చేసరికి గాని ఆ గుడ్డల కష్టం తెలిసిరాలేదు, తిరుపతిలో ఆ నెల ఎట్లుంటుందో తెలియనిదా, ఒక వాయుగుండం పోయి ఒకటి, పదకొండు రోజులు ఎండ ముఖం చూడలేదు, మేడ మీద టమాటా కుళ్లిపోయింది, బీర పాదు పందిరితో సహా కూలింది, గుడ్డలు ఆరవు, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టి, ఫ్యాను కింద, కిటికీ ఊచలకు, కుర్చీల మీద, ఇల్లంతా ముక్క వాసన, బడి నుంచి తడిసి వచ్చి కాఫీ అయినా తాగకుండా ఇస్త్రీపెట్టె పెట్టి ఒక్కో గుడ్డా ఆవిరి పోయేదాకా రుద్దేది, ఎదురుగా మంచం మీద నుంచి సంతోషమ్మ చూస్తూ ఉండేది, కళ్లార్పకుండా చూస్తూ ఉండేది, చేతులు కాలతాయి మేయ్, రవ్వంత కూర్సో, అనేది, ఒకరోజు, ఒకే ఒక్కరోజు, నడుము విరిగిపోతుంటే, పొద్దున్నుంచి ఏడు, ఏడు గుడ్డలు, దేవుడా, అని రెబెకా గోడకేసి తనలో తను అనుకుంది, అనుకుందా, బయటికే అందా, బయటికే అనుంటుంది, ఎందుకంటే మరుసటి రోజు ఆరు, ఆ తర్వాత ఐదు, వారం తిరిగేసరికి మూడు, ఆ మూడు కూడా సగమే తడి, రెబెకాకు ప్రాణం లేచొచ్చింది, విజయ్ బూట్లు విప్పుతుండగానే, మీ అమ్మ కోలుకుంటా ఉంది, పట్టు వస్తా ఉంది, మూడే ఈరోజు, అని చిన్నపిల్ల మార్కులు చెప్పినట్టు చెప్పింది, విజయ్ లోపలికి వెళ్లి, ఏమ్మా బాగుండావంటనే, అని తల నిమిరాడు, నాకేం నాయనా, రాయి మాదిరి ఉండాను, అంది, పెదాలు పగిలుంటే చలికేమో అనుకొని రెబెకా కొబ్బరినూనె రాసింది, అన్నం సయించడం లేదంటే మంచంపట్టినవాళ్లకు మామూలే అనుకుంది, మేడ మీద అన్నీ పోయినా కిటికీలో పుదీనా మాత్రం గుబురుగా ఊచల బయటికి పాకింది, దానికొక ఫోటో తీసి, చూడత్తా, అంతా నా ఎరువు మహిమ అంటే, ఔను పాపా, నీది సల్లని చెయ్యి, అని సంతోషమ్మ ఆ ఆకులు నలిపి వాసన చూసుకుంది.

ఆటో ఆగింది, గేటు తీస్తుంటే ఫోను, విజయేమోనని గబుక్కున తీసింది, కాదు, మునిశేఖర్, నమస్తేమ్మా, పదకొండుకు మావాళ్లు ఆదర్శ గృహం బోర్డు తెస్తా ఉండారు, ఒక ఫోటో తీసుకోవాల, పెద్దామెను కూడా మంచం మీద కూసోబెట్టండి, మీరు గుడ్డలు మడుస్తా ఉండేటట్టు, అది బాగుంటాదని పైనోళ్లకు శానా నచ్చింది, అని ఆయన పాపం సంబరంగానే చెబుతున్నాడు, ఆమె ఆసుపత్రిలో ఉందండీ అని చెప్పకుండానే రెబెకా, ఈరోజు వద్దండీ, అంది, ఎప్పుడు రమ్మంటారు అన్నాడు, తెలీదండీ అని పెట్టేసింది, నిజంగానే తెలీదు, ఏదీ తెలీదు, చేతులు కాళ్లు ఉన్నాయి, చదువుంది, జీతముంది, ఒక ముసలి మనిషి ఒంట్లోకి చెంబుడు నీళ్లు మళ్లీ ఎక్కించడానికి అవేవీ పనికిరావు, గంజి పొయ్యి మీద పెట్టి, ముందుగదిలోకొస్తే తాళ్ల మీద ఐదు రోజుల కిందటి గుడ్డలు అట్లాగే వేలాడుతున్నాయి, ఇప్పుడు ఆరాయి, గలగలా ఆరాయి, దుప్పటి తీయబోతూ చూసింది, పుదీనా వాడిపోయింది, కాడలు వంగి ఊచల మీద వేలాడుతున్నాయి, అడుగు ఆకులు నల్లబడ్డాయి, అయ్యో పాపం, వచ్చి అడుగుతుంది కదా, నా పుదీనా ఏమైంది మేయ్ అని అడుగుతుంది కదా అనుకొని, వంటింట్లోంచి చెంబు నిండా నీళ్లు తెస్తుంటే మళ్లీ ఫోను, ఈసారి విజయే, గొంతు సరిగా లేదు, అమ్మ కండ్లు తెరిసింది రెబెకా, సంతోషించే లోపలే, మాట మాత్రం యాడికో పోతా ఉండాది, చెంచాతో నీళ్లు పోస్తా ఉంటే మూతి బిగబట్టుకునింది, నర్సు అరిసినా తెరవటంలా, ఏమంటా ఉండాదో తెల్సునా, వొద్దు నాయనా, గుడ్డ తడుస్తాది, రెబెకా వచ్చే టయిమయింది అంటా ఉండాది, ఆసుపత్రిలో ఉండేది కూడా తెలీటంలా, ఏం చేసేది నేను, అని అంత మనిషి ఫోన్లో ఏడ్చాడు, రెబెకా చేతిలో చెంబు బరువుగా ఉంది, ఎందుకడిగిందో తనకే తెలియదు, విజయ్, ఈ పుదీనాకు రోజూ నీళ్లు నువ్వే కదా పోస్తున్నది, అంది, నేనా, నేనెప్పుడు పోసినాను, నువ్వే కదా, అన్నాడు.

తను పోయలేదు, మొదటి వారం తప్ప ఒక్కరోజు పోయలేదు, విజయ్ పోస్తున్నాడనుకుంది, విజయ్ తను పోస్తోందనుకున్నాడు, వసంతమ్మకు అన్నం పెట్టి పోవడానికే తీరదు, పైన సన్‌షేడు, వాన చుక్క కూడా ఆ డబ్బా మీద పడదు, రెబెకా మంచం మీద కూర్చుంది, చెంబు స్టూలు మీద, ఫోను తలగడ మీద పెట్టి పక్కకు ఒరిగి అత్తమ్మ పడుకునే గుంటలోనే పడుకుంది, కుడిచెయ్యి చాపితే స్టూలు అందింది, చెంబు పెట్టే చోటు, ఎడమచెయ్యి చాపితే పుదీనా అందింది, అంత సులువుగా, తల కూడా ఎత్తనక్కర్లేకుండా అందింది, చెంబు కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి, అక్కడినుంచి నీళ్లు డబ్బాలోకి, నెమ్మదిగా, దుప్పటి మీద చుక్క పడకుండా, పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు, ఏడు గుడ్డలు ఆరై, ఐదై, మూడై, నాలుక పిడచ కట్టుకుపోతుంటే, ఒళ్లు చెప్పిన మాట వింటుందని, కోడలు వచ్చేసరికి చెంబు ఖాళీగా కనబడాలని, గేటు చప్పుడైతే చెంబు మూత కూడా సరిచేసి పెట్టి, నాకేం నాయనా రాయి మాదిరి ఉండాను అని, నీది సల్లని చెయ్యి పాపా అని, తనేమో ఆ మూడు గుడ్డలకు ముచ్చటపడి, ఆ ఆకులకు ఫోటో తీసి, ఫోన్లో విజయ్ ఇంకా, రెబెకా, రెబెకా, ఉండావా, అని పిలుస్తున్నాడు, అమ్మ చెవి దగ్గర పెట్టు అందామనుకుంది, తాగు అత్తా, ఎన్నయినా తడవనీ అందామనుకుంది, ఇక్కడ ఈ వాడిన మొక్కకు ఒక చెంబు పోస్తే సాయంత్రానికి తల ఎత్తుతుంది, అక్కడ ఆ మనిషి మూతి బిగించుకొని ఉంది, మళ్లీ చెంబు అందుకున్న చెయ్యి పుదీనా మీదికి పోయి, వంగకుండా అక్కడే ఆగిపోయింది, నలుగురికీ చూపించుకున్న ఈ పచ్చదనం తన ఎరువుది కాదు, అత్తమ్మ తాగకుండా మిగిల్చిన నీళ్లది.